పొయ్యి బొమ్మ

ఇల్లు కట్టి చూడమంటారు కదా,
లమారా టీచరు నూట పద్దెనిమిది ఇళ్ళు కట్టింది
కుతాయిసిలో, రియోనీ నది హోరు వినబడే
నాటకశాల వెనక రేకుల షెడ్డులో.
దేనికీ నాలుగో గోడ లేదు.
గోడలకు చెవులుంటాయేమో గానీ
ఆమె గోడలకు వెన్నెముక ఉండేది కాదు:
వెనక ఒక ఏటవాలు కర్ర,
కర్ర పాదం మీద ఇసుక మూట.

తండ్రి లారీల ఫ్యాక్టరీలో రంగులు కొట్టేవాడు.
ఆమె మొదటి అడవి అందుకే
లారీ ఆకుపచ్చలో మొలిచింది.
"ఇది అడవా, మిలిటరీ శిబిరమా?" అన్నాడట పైనుంచి వచ్చిన అధికారి.
"ఇంకా నిర్ణయించుకోలేదండీ" అందట.
మాస్కో పిలిస్తే వెళ్ళి ఎనిమిది నెలల్లో తిరిగొచ్చింది.
అక్కడి వేదిక మరీ పెద్దదట,
అలసిపోయిన మనిషి దాన్ని దాటేలోపు
అలసట నటనైపోతుందట.

మొదటిరోజు క్లాసులో మాకు కాగితాలివ్వలేదు.
పదకొండుమందిని తలుపు ముందు నిలబెట్టింది.
"తెరవకండి. అవతల ఎవరున్నారో చెప్పండి.
అప్పున్నవాడా, అప్పిచ్చినవాడా?
గొళ్ళెం ఎంత ఎత్తులో పెట్టాలో
అది తేలాక చూద్దాం."
నేను నవ్వాను.
ఆ నవ్వుకు ఏడాది పొడుగునా మేకులు ఏరాను,
తిన్నవి ఒక డబ్బాలో,
వంగినా పనికొచ్చేవి ఇంకో డబ్బాలో.
పారేసే డబ్బా అంటూ లేదు.

టీ డికాషన్‌లో నానిన తెల్లగుడ్డకు
ఒక్క రాత్రిలో అరవై ఏళ్ళొస్తాయని నేర్పింది.
ఇటుకలు గీసేటప్పుడు
మేస్త్రీకి ఎక్కడ విసుగొచ్చిందో అక్కడ వంకర పెట్టమంది.
మెచ్చుకోవడం మాత్రం ఆమెకు రాదు.
బాగుంటే పక్కన నిలబడి దగ్గేది.

తరవాత దేశం మారింది. కరెంటు పోయింది.
ఊళ్ళో చెట్లు ఒక్కొక్కటే మాయమవుతున్న చలికాలం,
వాచ్‌మన్ ఇపోలితె గొడ్డలి పట్టుకుని
షెడ్డు గడపలో నిలబడిపోయాడు, లోపలికి అడుగు పడక.
టీచరు జాబితా రాసింది.
పెళ్ళి నాటకాలు ముందు, కోర్టు గది తరవాత,
తొలి అడవి చివర.
"రంగు గోకేయండి, లోపల పసివాళ్ళున్నారు,
పొగ మంచిది కాదు."
గోకాం. వేళ్ళు కొంకర్లు పోయేదాకా
ద్రాక్షతీగలు గోకాం, గోడగడియారాలు గోకాం,
రెండు బస్తాల ఆకాశం గోకాం.

ఆమె కట్టిన ప్రతి ఇంట్లో ఒక పొయ్యి ఉండేది,
గుడ్డ మీద గీసిన నిప్పుతో.
ముప్ఫై ఏళ్ళు నటులు దాని ముందు
చేతులు కాచుకున్నట్టు నటించారు.
ఆ జనవరిలో, మేకప్ గదిలో ఇనప డబ్బా చుట్టూ చేరి,
నిజంగా కాచుకున్నారు.
ఎవ్వరూ ఏమీ అనలేదు.
టీచరు చేతులు మాత్రం జేబుల్లోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం నాటకం ఆగలేదు.
నాలుగు కిరసనాయిలు దీపాలు, కోట్లు విప్పని జనం,
వట్టి వేదిక మీద సుద్దతో గీసిన ఒక గడప.
మాక్వాలా దాని దగ్గరికొచ్చి ఆగింది,
చీకట్లో చెయ్యెత్తి గొళ్ళెం తడిమింది.
లేని గొళ్ళెం. సరైన ఎత్తులోనే.
పక్క తెరల్లో ఎవరో దగ్గారు.

మొన్న మార్చిలో ఆమె పోయింది.
నాలుగో అంతస్తు. శవపేటిక గుమ్మంలో ఇరుక్కుంది.
పదకొండుమందిలో మిగిలిన ఆరుగురం
బందులు ఊడదీసి తలుపు పక్కన పెట్టాం.
"ఎడమవైపు ఎత్తండి, తల తిప్పండి, మెల్లగా":
సెట్టు మార్చే మాటలే, వేరే మాటలు మాకు రావు.

తలుపు తిరిగి బిగించేటప్పుడు చూశాను,
గొళ్ళెం బాగా కిందికి ఉంది,
ఐదేళ్ళ పిల్లకు అందేటంత.
ఆమెకు పిల్లల్లేరు.
బందుకు మూడు మేకులు దిగాయి.
నాలుగోది వంగితే
జేబులో వేసుకున్నాను.