కొసరు

పొదిలి అంగట్లో పేరయ్య శెట్టి
తాటాకు పద్దు విప్పకుండానే అన్నాడు:
"మీ ఆయన బాకీ రెండణాలు,
ఆ పైన ఒక దమ్మిడీ."

కొంగులోని ఆముదాలు మానికలో పోశాను.
బిడ్డ తల నిమిరినట్టు
పైన అరచేత్తో నిమిరాడు.
రాలిన గింజలన్నీ ఆయన వైపే.

ఉప్పు అడిగాను.
కనుపర్తి మళ్లల్లో
మా అయ్య పాదాలు పగలదీసిన ఉప్పు,
సర్కారు ముద్ర వేసుకుని బండెక్కి వచ్చింది.
నన్నెరగనట్టే తూగింది.

"కొసరో?" అన్నాను.
కరువు పోయి రెండేళ్లయినా
ఆ మాట ఎక్కడో విన్నట్టు చూశాడు శెట్టి.
చంకలో పిల్లది చెయ్యి చాచింది.

బెల్లం దిమ్మ అంచు గోటితో గిల్లి,
పట్టిన చీమను ఊది,
పెట్టాడు.

చీమ మళ్లీ దిమ్మెక్కింది.
దాని పద్దు ఎవరు రాస్తారో.