పదహారో అంతస్తు మీద వాన

మట్టిని సర్వీసు లిఫ్టులో రాత్రిపూటే మోశాను.
పగలు మోస్తే నాలుగో అంతస్తు వకీలు
లిఫ్టులో బురదంటూ ఉత్తరం రాస్తాడు.
రెండు వందల పన్నెండు సంచులు.
ఇంజనీరు పిట్టగోడ మీద సుద్దగీత గీసి
ఇంతకు మించి వేలెడు మందం వద్దన్నాడు.
గీత దగ్గర పడేకొద్దీ
కూరలో ఉప్పేసినట్టు వేశాను.

సావొ పాలోలో ఫిబ్రవరి అంటే పెనం.
మధ్యాహ్నం రెండింటికి ఈ డాబా మీద
చెప్పు అతుక్కుని, కాలొక్కటే ముందుకెళ్ళేది.
సరిగ్గా దాని కింద డోనా ఇల్జా
మూడు ఫ్యాన్ల మధ్య తడి తువ్వాలు కప్పుకుని పడుకునేది.
అయినా మీటింగులో తోటకు చెయ్యెత్తనిది ఆవిడొక్కతే.
"కారుతుంది. రాసి పెట్టుకో జురాండిర్, కారుతుంది."
నేను పైన అడుగేస్తే చాలు
కింద నుంచి చీపురుకర్రతో పొడిచేది.

నాటినవి రాలేదు ముందు.
ఏ పిట్ట వదిలిందో, ఓ టమాటా మొలిచింది.
దాన్ని చూసి కాబోలు, మిగతావీ తలెత్తాయి.

కింద ఎత్తురోడ్డు మీద బస్సులు ఆగవు.
ఆకు మీద వేలు రాస్తే నలుపు.
పొద్దున ఏ పిల్లాడి ముక్కులోకో బయల్దేరి
దారిలో ఇక్కడ దిగిపోయిన నలుపు.
కొంచెమే. అబద్ధం ఎందుకు,
నగరానికి దగ్గు తగ్గలేదు.

కరెంటు బిల్లు తగ్గింది.
డోనా ఇల్జా రెండు ఫ్యాన్లు అమ్మేసింది,
ఒప్పుకోలేదు గానీ అమ్మేసింది.
చీపురుకర్ర మూలకి చేరింది.

మార్చిలో ఒక రాత్రి, నేను గొడుగేసుకుని
నీటిగొట్టంలో ఆకులు తీస్తుంటే
కాళ్ళ కింద మళ్ళీ టక్, టక్, టక్.
కారిందనుకున్నాను.
బకెట్టు పట్టుకుని మెట్లమీద పరిగెత్తాను.

కప్పు పొడిగా ఉంది. సున్నం మీద మరకైనా లేదు.
ఆవిడ మంచం మీద కూర్చుని
నా గొడుగు వైపు చూసింది.
"వాన పడుతోందా?"
"సాయంత్రం నుంచీ కురుస్తూనే ఉంది కదమ్మా."
"ముప్పై ఏళ్ళు ఆ మోతని తిట్టుకుంటూ నిద్రపోయాను.
ఇవాళ వినపడలేదు.
చెవులు పోయాయేమో అనుకున్నాను."

మట్టి తాగేస్తోందని చెప్పాను.
చెప్పి, ఖాళీ బకెట్టుతో కాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు ఆవిడ మంచానికి సరిగ్గా పైన,
పుదీనా పక్కన, జానెడు మేర మట్టి తీసేసి
స్లాబుకి ఆనించి బోర్లించిన నూనెడబ్బా ఒకటుంది.
తనిఖీకొచ్చిన ఇంజనీరు బూటుతో తట్టి
ఇదెందుకన్నాడు.
అంత మట్టి తగ్గింది గదా,
బరువులో మీకు లాభమే అన్నాను.