అడిగితే

రాత్రి రెండుంపావు. గుంటూరు, ఏటుకూరు రోడ్డు.
కింద కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు,
పైన గదిలో నలభై మూడు సర్వర్లు, నేను.

స్క్రిప్టు ఒక్కో తలుపూ తట్టి
ఒకటే అడుగుతోంది:
మాట బయటికి పంపేప్పుడు
కప్పి పంపుతున్నావా?

తప్పనిసరి. తప్పనిసరి. తప్పనిసరి.
పచ్చ గీతలు దిగుతుంటే టీ చల్లారిపోయింది.

ముప్ఫై ఏడోది మాత్రం
అవతలివాళ్లు అడిగితే, అంది.

మూడేళ్లుగా ఎవరూ అడగలేదు.
రైతుల పేర్లు, బాకీలు, బ్యాంకు నంబర్లు
ఒంటిమీద బట్ట లేకుండా
తీగ వెంట నడిచిపోయాయి.

జాన్‌సైదాకి ఫోన్ చేశాను.
"ఎవరన్నా చూశారా?" అన్నాడు నిద్రలో.
ఏమని చెప్పను?
కుట్టిన బస్తాల్లోంచీ ఘాటు పైకొస్తోంది.

తుమ్ము ఆపుకుని ఆ ఒక్క మాట మార్చి
మళ్లీ మొదటి తలుపు నుంచి తట్టమన్నాను.