పాకం పదును

గానుగ కాడ పాకం పదును చూసేది నేనే.
చెంబుడు నీళ్ళలో బొట్టు వదిల్తే
ఉండ కట్టిందా, కరిగి పోయిందా,
దాన్ని బట్టే మంట.
ముప్పై ఏండ్లలో ఒక్క పెనం మాడనీలే.

నా నెత్తురు పదును మాత్రం
చిత్తూరు పెద్దాసుపత్రిలో జరీనా చూస్తాది.
ఊదా మూత గొట్టంలోకి తీసి
మెల్లంగా తలకిందులు చేసి
పేరు రాయకుండా నంబరు రాస్తాది.

మొదటి చీటీలో సీడీఫోర్ నూటా పద్నాలుగు.
"ఏంది పాపా, రూపాయలా?"
"కావలోళ్ళు. ఐదొందల పైన ఉండాల."
ఆ రాత్రి కలలో మా చెరుకుతోట చుట్టూ
నూటా పద్నాలుగు మంది, చేతుల్లో కర్రలు.
అడివిపందులకు లెక్కే లేదు.

రెండో చీటీ వైరల్ లోడు.
దానికి పందుల లెక్క అని నేనే పేరు పెట్టుకున్నా.
అది దిగాల, ఇది ఎక్కాల.

రాత్రి తొమ్మిదికి మాత్ర.
ఆర్నెల్లకి రెండొందల ముప్పై,
మళ్ళా నూటా తొంబై.
ఆ నెలే చెంగల్రాయుడు పోయినాడు.
మాత్రల డబ్బా యాడ పెట్టినానో కూడా తెలీలే.
జరీనా తిట్టలే,
కొత్త డబ్బా చేతిలో పెట్టి ఏళ్ళు మూసింది.

ఈ పొద్దు పందుల గడిలో అంకె లేదు.
"కనపడలేదు" అని ఉండాదంట.
"అంటే పొయినాయా?"
"పోలేదమ్మా, గెనం అవతల పండుకోనుండాయి.
మాత్ర మానితే లేస్తాయి."

పెనుమూరు బస్సులో
మోచేతి మడతలో దూది పీకి చూసుకున్నా.
నల్లంగా ఒక్క చుక్క.
ఉండ కట్టింది.