పాదాల కిటికీ

జొహానెస్‌బర్గ్‌లో, పాత జైలు ఇటుకలతో కట్టిన
రాజ్యాంగ న్యాయస్థానంలో
జడ్జీల తలల వెనక ఒక సన్నటి పొడవాటి అద్దం.
లోపలివాళ్ళకి తల ఎత్తు, బయట నేల మట్టం.
దారిన పోయేవాళ్ళ పాదాలు తప్ప
ఇంకేమీ కనపడవు అందులోంచి.

దాన్ని తుడవడం పులెంగ్ పని.
బయటి వైపు, మోకాళ్ళ మీద.

ఇవాళ సర్కారు వకీలు
ఒక్క మాట పట్టుకుని గంటన్నర సాగదీశాడు.
"సకాలంలో" అంటే ఎప్పుడో
తేల్చాల్సింది మంత్రిగారేనట,
కోర్టుకి అందులో పనిలేదట.
పులెంగ్‌కి ఏదీ వినపడలేదు.
పెదాలు కదలడం చూసింది, అంతే.

వాళ్ళ నాన్న ఈ ఇటుకల మధ్యే పందొమ్మిది రోజులున్నాడు,
పాస్ పుస్తకం మరిచి పాలకోసం వీధి దాటినందుకు.
అప్పుడూ చట్టానికి అర్థం చెప్పే పెద్దలున్నారు.
ఎంత శుభ్రంగా చెప్పేవారో,
ఒక్క అక్షరం పొల్లు పోకుండా!

"ఇప్పుడెవరు చెప్తే అది అర్థం?"
టీ తాగుతూ గార్డు మాలెసెలాని అడిగింది.
"లోపలున్న పదకొండు మంది."
"వాళ్ళు తప్పు చెప్తే?"
అతను ఇంకో చెంచా పంచదార వేసుకున్నాడు.

మధ్యాహ్నం వకీలు తలెత్తి చూశాడు.
జడ్జి నెరిసిన జుట్టు పైన
రెండు మోకాళ్ళు, ఒక తడిగుడ్డ.
గ్లాసందుకుని నీళ్ళు తాగాడు.
ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివాడు.
జడ్జీలు చూడలేదు.
చూడాలంటే మెడ తిప్పాలి.

ఒక మరక ఎంత రుద్దినా పోలేదు.
వేలితో తాకి చూసింది పులెంగ్.
అది లోపలి వైపుది.
ఆ తలుపు తాళంచెవి
వేరేవాళ్ళ దగ్గరుంటుంది.