అంగుళం వదులు

చూళైలో, బ్యారక్స్ రోడ్డు నుంచి లోపలికి రెండో సందు.
మెట్ల కింద నా కొట్టు.
ఒక మిషను, ఒక బల్బు, గోడకు మేకు,
మేకుకు కొలత టేపు.
కొత్తవి కుట్టను.
బిగువైనవి వదులు చేస్తాను, పొడుగువి కురచ చేస్తాను,
పోయిన మనిషి చొక్కాని
ఉన్న కొడుక్కి సరిపోయేట్టు చేస్తాను.

జూన్ వస్తే అన్నీ యూనిఫాంలే.
నిన్న ఒక పిల్ల వచ్చింది, గౌను మోకాలి పైకి ఎక్కిపోయింది.
అంచు మడత విప్పాను.
లోపల నాలుగు వేళ్ల పట్టీ,
ఎండ చూడని నీలం.
గౌనంతా వెలిసిపోయింది గానీ
అది మాత్రం కొన్న రోజులాగే ఉంది.
బ్లేడు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

వైదేహి అత్త అనేది,
"గుడ్డ మిగుల్చుకుని ఏం చేసుకుంటావే,
లోపల అంగుళం వదులు. ఒళ్లు నిన్ను అడిగి పెరగదు."
నోట్లో గుండుసూదులు పెట్టుకునే తిట్టేది,
ఒక్కటీ కింద పడేది కాదు.
నేను కుట్టిన మొదటి జాకెట్టు ఆరుసార్లు విప్పించింది.
ఏడోసారి ఏమీ అనలేదు,
వేసుకుని పెళ్లికి పోయింది.

బడిలో అంతా తమిళమే.
అత్తే పాత లైనింగు గుడ్డ మీద సుద్దతో
అ ఆలు రాయించేది.
ఉతికితే పోయేవి. మళ్లీ రాయించేది.
ఇప్పుడీ బిల్లు కాగితం వెనక
రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

మిల్లు మూసేశాక నాన్న ఏం చేశాడంటే
చెప్పడం కష్టం. ఏమీ చేయలేదు.
పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని
మోగని సైరన్ టైముకి గుమ్మంలో నిలబడేవాడు.
కానీ మార్కుల కాగితం మీద
దొంగ సంతకం పెట్టి నేను దొరికిపోయిన రోజు
పక్కన కూర్చోబెట్టుకున్నాడు.
"న కింద వంపు ఇలా కాదమ్మా" అని
తన సంతకం తనే నాకు నేర్పాడు.
తర్వాత ఒక్కసారి కూడా పెట్టబుద్ధి కాలేదు.

పరంజోతికి తెలుగు రాదు.
నా తమిళానికి ముప్పయ్యేళ్లుగా నవ్వుతూనే ఉంది.
వరద వచ్చిన రాత్రి, నడుం లోతు నీళ్లలో
తన టీవీని తన ఇంట్లోనే వదిలేసి
నా మిషను తలకాయ ఊడదీసి
నెత్తిన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కింది.
"టీవీ బొమ్మ చూపిస్తుంది, ఇది బువ్వ పెడుతుంది" అంది.
ఏ భాషలో అందో ఇప్పుడు గుర్తు లేదు.
థాంక్స్ చెప్పినందుకు
వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంకా ఉన్నారు.
కాన్పుల వార్డులో రాత్రంతా నా చెయ్యి వదలని నర్సు,
పేరు అడగనే లేదు.
డబ్బిచ్చి, ఎక్కడా రాసుకోని
కాజాల కరీముల్లా.
మా ఆయన కూడా.
మంచివాడో కాదో ఇంకా తేల్చుకోలేదు గానీ
నాకు చూపు ఆనడం లేదని తెలిసిన రోజు నుంచి
రోజూ రాత్రి పన్నెండు సూదులకు దారం ఎక్కించి
దిండుకు గుచ్చి పడుకుంటాడు.

వీళ్లంతా కలిసి నన్ను తయారుచేశారంటే ఒప్పుకోను.
నా కొలతలు ఎవరికీ తెలియవు.
ఇంత అవుతానని నేనే అనుకోలేదు.
ఏదో, మడతలో కాస్త గుడ్డ వదిలిపెట్టారు,
తమకే చాలీచాలని రోజుల్లో.

గౌను కుట్టేశాను.
ఇంకో అర అంగుళం లోపలికి మడిచాను,
వచ్చే ఏడాదికి.
పిల్ల తొడుక్కుని అద్దంలో చూసుకుని
ముఖం చిన్నబుచ్చుకుంది.
"ఈ పట్టీ వేరే రంగులో కనిపిస్తోంది ఆంటీ, నవ్వుతారు."

"నాలుగు ఉతుకులకి కలిసిపోతుందిలే" అన్నాను.

అబద్ధం. కలవదు.
నాకు యాభై రెండు.
ఇంకా కలవలేదు.