తదనంతరం

దేవరకొండ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుంగ
జిరాక్సు డబ్బాకూ సోడా బండికీ నడుమ
నా రేకుల కొట్టు.
ముప్పై ఏండ్లుగా ఊళ్ల భూములు
నా మోకాళ్ల మీది అట్ట మీంచే చేతులు మారుతున్నయి.

పెద్ద పర్వతాలు వీలునామా నేనే రాసిన.
"మూడెకరాల పన్నెండు గుంటల బత్తాయి తోట
ఎండిన బాయితో సహా
నా భార్య బుగ్గమ్మ యావజ్జీవం అనుభవించవలెను.
దాన విక్రయాది హక్కులు లేవు.
తదనంతరం నా తమ్ముని కొడుకు ముత్తిలింగానికి
సర్వహక్కులతో చెందవలెను."

భూమికి నాలుగు హద్దులు రాసిన:
తూర్పున డొంక, పడమట ఈదయ్య చెలక,
ఉత్తరాన గుట్ట, దక్షిణాన వాగు.
కాలానికి ఒక్కటే హద్దు,
బుగ్గమ్మ ఊపిరి.
టీ చల్లారకముందే అయిపోయింది పని.

పర్వతాలు పోయినంక తోటకు ఇద్దరయిండ్రు.
కాయ ఆమెది, కట్టె అతనిది.
నీడ ఎవరిదో చట్టం చెప్పలేదు.

బోరు అడుగంటింది.
"నన్ను కాలవెట్టినంక పారే నీళ్లకు
నేనెందుకు అప్పు చేయాలె?" అన్నది ఆమె.
"ఇంకా నాది కాని చేన్ల
నేనెట్ల పొక్క కొట్టాలె?" అన్నడు అతను.
ఇద్దరిలో ఎవరిదీ తప్పు మాట కాదు.
మూడెండకాలాలు
ఆ రెండు న్యాయాల నడుమ
బత్తాయి చెట్లు కొసల నుంచి ఎండుకుంట వచ్చినయి.

ఆమె దగ్గు వినపడితే ముత్తిలింగం
బండి నెమ్మది చేస్తడని ఊరు అన్నది.
దగ్గొస్తే ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది,
పిలగానికి ఉత్త ఆశ పెట్టొద్దని.
రొమ్ముల నొప్పి లేచిన రాత్రి మాత్రం
నల్లగొండ పెద్దాసుపత్రికి ఎక్కించుకపోయింది ఆ బండే.
ఈ సంగతి ఊరు అంతగా చెప్పుకోలేదు.

మొన్నటి వైశాఖంల
మల్లేపల్లి మూలమలుపు కాడ, ఇసుక లారీ.
కాచుకున్నోడే ముందుగాల పోయిండు.

పదకొండో దినం గడిచిన తెల్లారి
బుగ్గమ్మ కవరు విప్పి కాగితం నా ముందర పెట్టింది.
"రాయించుకున్నోడు లేకపాయె.
ఇగ నాకే మళ్లిందా?"

మళ్లలేదమ్మా, అన్న.
పర్వతాలు కండ్లు మూసిన నాడే ఆ హక్కు వానికి పుట్టింది.
చేతికి అందలేదు, అంతే.
చూలు బర్రె పాలు నీకు,
కడుపుల దుడ్డె వానికి అన్నట్టు.
ఈనకముందే దుడ్డెకు ఆసామి ఉన్నడు.
ఆసామి పోతే
అది వాని పెండ్లాం బిడ్డలది.

ఆమె శానసేపు సోడా బండి దిక్కు చూసింది.
గోలీ దిగిన చప్పుడుకు ఉలిక్కిపడ్డది.
"బిడ్డకు ఏడేండ్లు," అన్నది,
నాతోని కాదు.

వచ్చే సోమవారం ముగ్గురొచ్చిండ్రు.
ముత్తిలింగం భార్య స్వరూప గుమ్మం కాడనే నిలబడ్డది.
బిడ్డ బల్ల కింద దూరి
పాత కార్బన్ కాగితం వేళ్లకు రుద్దుకుంటుంది.

"ఎండిన చెట్లు కొట్టి అమ్మనీకె
వీళ్లు ఒప్పుకున్నరని రాయి.
ఆ పైసలకు ఇంత అప్పు కలిపి బోరు ఏపిస్త.
నీళ్లు పడితే నేనున్నన్ని దినాలు నాయి, ఆనక పిల్లయి.
పడకపోతే అప్పు నాది.
అప్పుకు మాత్రం తదనంతరం లేదు.
గదే మాట రాయి."

నా సంచిల నమూనాలు నలభై ఉన్నయి,
అమ్మకానికి, తనఖాకు, పంపకానికి, దత్తతకు.
అన్నీ తిరగేసిన.
తెల్లకాగితం తీసి
తూర్పున డొంక, అని మొదలువెట్టిన.

స్వరూప కొంగుతో కండ్లు ఒత్తుకుంటుంది.
బల్ల కింది నుంచి
నీలి చెయ్యి ఒకటి నా మోకాలు పట్టుకున్నది.
"తాతా, బోరు లారీ
రాత్రి పూట వస్తదా, పొద్దుగాలనా?"